తాతగారి పెట్టెలోని పతకం ఎవరిది? యుద్ధకాలపు సైనిక జ్ఞాపికల పూర్వాపరాలు తెలుసుకోవడం ఎలా

1945 సెప్టెంబరులో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, బెంగళూరు - హిందూపురం రైలు మార్గంలోని తొండేబావి వద్ద ఒక సైనిక శిక్షణ జరుగుతోంది. తుపాకీ నుంచి ప్రయోగించిన గ్రెనేడు దూరం వెళ్లకుండా దగ్గరలోనే పడింది. 13వ ఫ్రాంటియర్ ఫోర్స్ రైఫిల్స్‌కు చెందిన నాయక్ కృపారామ్ తోటి జవానులను తప్పుకొమ్మని హెచ్చరిస్తూ దానివైపు దూసుకెళ్లి, పేలుడును తన శరీరంతో అడ్డుకుని ప్రాణాలు విడిచారు. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ ప్రకటించారు. ఆ పతకం హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఆయన భార్య వద్దకు చేరింది.

2002లో ఆ పతకం ఆమె ఇంటి నుంచి చోరీ అయింది. 2009లో లండన్‌లోని ఒక వేలం జాబితాలో కనిపించింది. అభ్యంతరాలు రావడంతో అమ్మకం ఆగింది. సుదీర్ఘ ప్రక్రియ అనంతరం పతకం తిరిగి కుటుంబానికి దక్కింది.

ఈ ఉదంతంలో పతకాన్ని ఇంటికి చేర్చినవి రెండు. ఒకటి, దాని వెనుక చెక్కి ఉన్న పేరు. రెండోది, ఆ పేరు ఎవరిదో, పతకం ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో చెప్పగల ఆధారాలు. ఈ రెండింటినీ కలిపి వస్తువు పూర్వాపరాలు అంటాం. పూర్వాపరాలు తెలిసిన పతకం ఒక మనిషి చరిత్ర. తెలియని పతకం తూకానికి పోయే లోహం.

లక్షల మంది వెళ్లారు, ఎన్ని ఆనవాళ్లు మిగిలాయి?

మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి సుమారు 13 లక్షల మంది సైనికులుగా, సహాయక సిబ్బందిగా, కూలీలుగా పనిచేశారు. వారిలో 74 వేల మందికి పైగా మరణించారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవారి సంఖ్య 25 లక్షల వరకు ఉంది. ఆ యుద్ధంలో సుమారు 87 వేల మంది అమరులయ్యారు.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో వాటా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 'మిలటరీ మాధవరం'గా పేరొందిన గ్రామం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ జవానులు వెళ్లారు. మద్రాసు శాపర్ల దళంలోను, కర్ణాటిక్ పదాతి దళాలలోను తెలుగువారు పనిచేశారు. హైదరాబాద్ సంస్థానపు అశ్విక దళం మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి పాలస్తీనా రంగానికి వెళ్లింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం ఆ మూడు సంస్థానాల దళాలకు గుర్తుగా నిలిపినదే.

ఇన్ని లక్షల మందికి ఇచ్చిన పతకాలలో ఎన్నో కరిగిపోయాయి. మొదటి యుద్ధానంతరం ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండితో చేసినది. అవసరం వచ్చినప్పుడు అది కంసాలి మూసలోకి వెళ్లింది. కంచు పతకాలు పాత సామాన్ల దుకాణానికి వెళ్లాయి. 1980 ప్రాంతంలో అంతర్జాతీయంగా వెండి ధర అమాంతం పెరిగినప్పుడు పలు దేశాలలో ఈ పతకాలను కరిగించేశారు. ఇప్పటికీ ఇళ్లలో మిగిలినవి ట్రంకు పెట్టెల అడుగున, దేవుడి గూటి పక్కన, పటాల వెనుక ఉన్నాయి. వాటి గురించి చెప్పగల పెద్దలు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నారు.

ముందు అంచు చదవండి

పతకం దొరికిన వెంటనే చాలామంది చేసే పని చింతపండుతోనో, పాలిష్‌తోనో మెరిసేలా తోమడం. అది చేయకూడని పని. మొదటి యుద్ధపు గుండ్రని పతకాల అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. ఆ అక్షరాల లోతు చాలా తక్కువ. తోమిన ప్రతిసారీ అవి కొంత అరిగిపోతాయి. పతకాన్ని మెత్తని పొడిబట్టపై ఉంచి, పక్క నుంచి వెలుతురు పడేలా చేసి, అంచును కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీస్తే కంటికి ఆనని అక్షరాలు కూడా నీడ వల్ల బయటపడతాయి.

1914-15 స్టార్ అనే నక్షత్రాకార పతకానికి అంచు లేదు. దానిపై వివరాలు వెనుకవైపు ఉంటాయి. రెక్కలు విప్పిన విజయదేవత బొమ్మ ఉన్న కంచు పతకం విక్టరీ మెడల్. దీనిని ఎవరికీ ఒంటరిగా ఇవ్వలేదు. దానితో పాటు బ్రిటిష్ వార్ మెడల్ తప్పక వచ్చి ఉండాలి. అలాగే 1914-15 స్టార్ పొందిన వారికి తక్కిన రెండూ అందాయి. కనుక ఇంట్లో నక్షత్రం ఒక్కటే ఉంటే, మిగిలిన రెండూ ఏమయ్యాయని అడగవలసిందే. పంపకాలలో మరొక శాఖకు వెళ్లి ఉండవచ్చు. పినతాతగారి ఇంట్లో వెతికితే దొరకవచ్చు.

లోహం కూడా సాక్ష్యమే. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాక కంచుది అయితే, అది కూలీ దళాలలోనో సహాయక దళాలలోనో పనిచేసిన వ్యక్తిది. దానిని తక్కువగా చూడనక్కరలేదు. ఆయుధం పట్టకుండా యుద్ధ రంగంలో దారులు వేసినవారు, బరువులు మోసినవారు పొందిన అరుదైన గుర్తు అది.

హోదాలోనూ పేరులోనూ ఉన్న చిక్కులు

హోదా పదం సైనికుని శాఖను తెలుపుతుంది. సవార్ అంటే అశ్విక దళం. శాపర్ అంటే వంతెనలు, కందకాలు, దారులు నిర్మించే ఇంజినీరింగ్ దళం. గన్నర్ అంటే ఫిరంగి దళం. డ్రైవర్ అని ఉంటే మోటారు నడిపినవాడని తొందరపడి అనుకోరాదు. ఆ కాలంలో కంచరగాడిదల బండ్లు తోలినవారికీ ఆ పదమే వాడారు.

సంఖ్య విషయంలో మరొక జాగ్రత్త అవసరం. నాటి భారత సైన్యంలో సంఖ్యలు ఏ దళానికి ఆ దళమే ఇచ్చుకునేది. ఒకే సంఖ్య వేర్వేరు దళాలలో వేర్వేరు మనుషులకు ఉండేది. కనుక సంఖ్యను దళం పేరుతో కలిపి చూస్తేనే ఫలితం.

దళం పేరు చూసి ఊరును ఊహించడం మరింత ప్రమాదం. దీనికి మంచి ఉదాహరణ మన రాజధాని పేరే. పతకం మీద '19 హైదరాబాద్' అని ఉంటే ఆ సైనికుడు హైదరాబాద్‌వాడని చాలామంది భావిస్తారు. 19వ హైదరాబాద్ రెజిమెంటు మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంటులో ఉన్న మాట వాస్తవం. అయితే ప్రపంచ యుద్ధాల కాలానికి అందులో కుమావూన్ కొండప్రాంతాలవారు, ఉత్తర భారతానికి చెందిన జాట్‌లు, అహీర్‌లు ఎక్కువగా ఉన్నారు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. నిజాం సొంత సైన్యం దీనికి పూర్తిగా వేరు. 1922లో భారత సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు అనేక దళాల సంఖ్యలు, పేర్లు మారాయి. అందువల్ల పతకం మీది పేరును ముందు ఆ కాలపు పేరుగానే గుర్తించి, తరువాత అది ఏ దళంగా మారిందో చూడాలి.

ఇక పేరు. ఇంగ్లీషు గుమాస్తాలు తమ చెవికి వినిపించినట్లు రాశారు. ఇంటిపేరు చాలాచోట్ల లేదు. వెంకటస్వామి అనే ఒక్క పేరునే పది రకాలుగా రాసిన దాఖలాలు ఎదురవుతాయి. ఊళ్ల పేర్లూ అంతే. విశాఖపట్నం 'విజగపటం'గా, కాకినాడ 'కోకనాడ'గా, ఏలూరు 'ఎల్లోర్'గా, మచిలీపట్నం 'మసులిపటం'గా దాఖలయ్యాయి. విజయవాడకు అప్పటి పేరు బెజవాడ. నేటి పేరుతో వెతికి లేదని నిరాశపడే ముందు నాటి పేరుతో వెతకాలి.

ఆధారాలు ఎక్కడ ఉన్నాయి

మరణించిన సైనికుల విషయంలో మొదట చూడవలసినది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వివరాల నిధి. ఇది అంతర్జాలంలో ఉచితం. భారత సైనికుల నమోదులలో పేరు, సంఖ్య, దళం, మరణించిన తేదీలతో పాటు చాలాచోట్ల తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకంపై 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. మయన్మార్‌లోని తౌక్యాన్, సింగపూర్‌లోని క్రాంజీ స్మారకాలపైనా వేల సంఖ్యలో మన పేర్లు చెక్కి ఉన్నాయి. ఢిల్లీ ఇండియా గేట్‌పై 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి.

తిరిగివచ్చిన సైనికుని వెతకడం ఇంతకంటే కష్టం. శౌర్య పురస్కారాల ప్రకటనలు లండన్ గెజిట్ సంచికలలో లభిస్తాయి. దళాల యుద్ధ దినచర్యలు, అంటే ఏ రోజు ఏ దళం ఎక్కడ ఉందో నమోదు చేసిన పుస్తకాలు, బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఇండియా ఆఫీసు దస్త్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం, 1870లో ఏర్పడిన యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ముఖ్యమైనవి. మద్రాసు ప్రెసిడెన్సీ పాలన దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం, నిజాం ప్రభుత్వ దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం చూడాలి. మద్రాసు శాపర్ల వారసత్వం బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూపుది. మద్రాస్ రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉంది.

వీటన్నిటికంటే దగ్గరి చోటు ఇల్లే. పింఛను పుస్తకం, డిశ్చార్జి పత్రం, మాజీ సైనికునిగా పొందిన భూమి పట్టా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇవన్నీ పతకం కంటే ఎక్కువ మాట్లాడతాయి. పాత ఉత్తరం మీద ఊరి పేరు లేకపోయినా ఫీల్డ్ పోస్టాఫీసు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య, తేదీ తెలిస్తే ఆ రోజున ఆ తపాలా కార్యాలయం ఏ యుద్ధరంగంలో ఉందో తెలుసుకునే వీలుంది. ఫోటోకు వెనుక ఉన్న స్టూడియో ముద్ర, టోపీ మీది చిహ్నం, భుజం మీది అక్షరాలు కూడా విలువైన సూచనలే.

పేరు లేని పతకాలు

రెండో ప్రపంచ యుద్ధపు పతకాల విషయంలో పెద్ద ఇబ్బంది ఒకటి ఉంది. బ్రిటన్ తన సైనికులకు ఆ యుద్ధపు నక్షత్రాలను, వార్ మెడల్‌ను పేరు లేకుండానే ఇచ్చింది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా పేర్లు చెక్కి ఇచ్చాయి. భారత సైనికుల పతకాలలో పేరున్నవీ కనిపిస్తాయి. పేరు లేని బర్మా స్టార్ ఒకటి చేతిలో ఉంటే, అది బర్మా యుద్ధరంగానికి చెందినదని మాత్రమే చెప్పగలం. ఎవరిదో లోహం చెప్పదు. అక్కడ కాగితమే దానికి పేరు. ఆ కాగితాన్ని పతకం నుంచి విడదీస్తే మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పతకం ఒకరికి, పత్రాలు మరొకరికి వెళ్లడం సాధారణంగా జరిగే పొరపాటు. కనీసం నకళ్లయినా రెండు చోట్లా ఉంచాలి.

సరిహద్దు దాటిన చరిత్ర

1947లో దేశంతో పాటు సైన్యమూ విడిపోయింది. రెజిమెంట్లు ఇటు, అటు వెళ్లాయి. గూర్ఖా దళాలలో ఆరు భారత్‌కు, నాలుగు బ్రిటన్‌కు దక్కాయి. కృపారామ్ పనిచేసిన ఫ్రాంటియర్ ఫోర్స్ రైఫిల్స్ పాకిస్తాన్‌కు వెళ్లింది. ఆయన ఊరు హిమాచల్‌లో, మరణించిన చోటు కర్ణాటకలో, దళం వారసత్వం పాకిస్తాన్‌లో, పతకం తేలింది లండన్‌లో. దక్షిణాసియాలో ఒక సైనికుని జ్ఞాపిక వెనుక ఇన్ని దేశాలు ఉండటం వింత కాదు.

లాహోర్ మ్యూజియంలో భద్రంగా ఉండిపోయిన రిజిస్టర్లు దీనికి మరొక నిదర్శనం. మొదటి యుద్ధంలో పాల్గొన్న సుమారు 3,20,000 మంది అవిభక్త పంజాబ్ సైనికుల వివరాలు వాటిలో గ్రామాలవారీగా ఉన్నాయి. 2021లో వాటిలో జలంధర్, లూధియానా, సియాల్‌కోట్ జిల్లాల భాగాన్ని బ్రిటన్‌లోని పరిశోధకులు అంతర్జాలంలో ఉంచారు. సరిహద్దుకు ఇవతల ఉన్న కుటుంబాలు తమ ముత్తాతల పేర్లను అవతలి నగరంలో దొరికిన పుస్తకాలలో చూసుకోగలిగాయి.

ఇంటి కథ, రుజువు

ప్రతి జ్ఞాపిక వెంట ఒక కథ ఉంటుంది. ఆ కథను కొట్టిపారేయకూడదు. అలాగని అదే రుజువని అనుకోకూడదు. 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవుపై గుండ్లు కురిపించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఇవి చరిత్ర. అయితే ఇంట్లో ఉన్న ఇనుప ముక్క ఆ గుండుదేనా, ఆ బాంబుదేనా అన్నది వేరే ప్రశ్న. దొరికిన చోటు, తేదీ, మొదట తీసుకున్న వ్యక్తి, దానిపై ఉన్న గుర్తులు, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కటీ దొరకకపోతే 'ఎమ్డెన్ గుండు' అని కాక, 'మా ఇంట్లో ఎమ్డెన్ గుండుగా చెప్పుకునే ముక్క' అని రాయడం నిజాయితీ.

పెద్దలు కొన్నిసార్లు యుద్ధాలను కలిపేస్తారు. బస్రా వెళ్లినాయన ఫ్రాన్స్ వెళ్లాడని చెబుతారు. మేనమామ పతకం తండ్రి పతకమవుతుంది. అబద్ధం చెప్పాలని కాదు, తరాలు మారినప్పుడు మాట జారుతుంది. చెప్పినది చెప్పినట్లే, చెప్పినవారి పేరు, తేదీతో సహా రాసిపెట్టి, తరువాత దస్త్రాలతో సరిచూడాలి.

నకిలీల బెడద

మార్కెట్లో నకిలీలు తక్కువేమీ లేవు. అసలు పతకాన్ని అచ్చుగా వాడి పోతపోసిన నకలు చల్లారినప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. అందువల్ల కొలతలో తేడా వస్తుంది. బొమ్మ అంచులు మొద్దుబారి ఉంటాయి. మరొక మోసం అసలు పతకం మీది సామాన్య సైనికుని పేరును ఆకురాయితో తీసివేసి, ప్రసిద్ధుని పేరు చెక్కడం. అప్పుడు అంచు మందం అన్నిచోట్లా సమానంగా ఉండదు.

ఆజాద్ హింద్ ఫౌజ్ పేరుతో అమ్మే వస్తువుల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. నేతాజీ పట్ల ఉన్న గౌరవమే మోసగాళ్లకు పెట్టుబడి. ఆజాద్ హింద్ తపాలా బిళ్లలు జర్మనీలో అచ్చయిన మాట నిజం. కానీ అవి తపాలాకు ఎన్నడూ వాడుకలోకి రాలేదు. కనుక వాటిని అంటించి యుద్ధకాలంలో పంపిన ఉత్తరమంటూ ఎవరైనా చూపితే అనుమానించవలసిందే. 1914 క్రిస్మస్‌కు సైనికులకు పంచిన ప్రిన్సెస్ మేరీ ఇత్తడి పెట్టెలకూ కొత్త నకళ్లు వస్తున్నాయి.

చట్టం ఏం చెబుతోంది

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక ప్రాధాన్యం గల వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. చారిత్రక విలువ గల రాతప్రతులు, పత్రాలకు ఈ గడువు 75 ఏళ్లు. అంటే మొదటి యుద్ధపు వస్తువులు ఇప్పటికే వందేళ్లు దాటాయి. రెండో యుద్ధపు ఉత్తరాలు 75 ఏళ్లు దాటాయి. ఇటువంటివాటిని దేశం వెలుపలికి ప్రైవేటు వ్యక్తులు పంపడం నిషిద్ధం. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. అయితే నోటిఫై చేసిన కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ అవసరం. సందేహముంటే భారత పురావస్తు సర్వేక్షణ ప్రాంతీయ కార్యాలయాన్ని సంప్రదించాలి.

తుపాకులు, కత్తులకు 1959 ఆయుధాల చట్టం వర్తిస్తుంది. పొలంలోనో తీరంలోనో పాత గుండు, బాంబు కనిపిస్తే ముట్టుకోకూడదు, ఇంటికి తేకూడదు. పోలీసులకు తెలపాలి. తుప్పు పట్టినంత మాత్రాన పేలుడు పదార్థం చచ్చిపోదు.

ఈ రోజే చేయదగినవి

వస్తువును అన్ని వైపులా ఫోటో తీయండి. అక్షరాలు ఉన్నవి ఉన్నట్లు రాసుకోండి, సరిదిద్దవద్దు. రిబ్బను చిరిగినా తీసివేయవద్దు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక కాగితంపై క్రమంగా రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి, ఊహతో పూరించవద్దు. అవ్వ, తాత, మేనత్త ఎవరున్నా కూర్చోబెట్టి వారి మాటలు రికార్డు చేయండి. కొనేవారు వస్తే పూర్వాపరాలు తేలకుండా అమ్మవద్దు. కొనాలనుకునేవారు అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ఇది మీకు ఎలా వచ్చిందన్నది.

ఆ ప్రశ్నకు జవాబు కొన్నిసార్లు మరొక ఇంటి తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది. రెండో యుద్ధంలో జపాన్ సైనికులు బంధుమిత్రులు సంతకాలు చేసి ఇచ్చిన జెండాలను వెంట తీసుకెళ్లేవారు. ప్రత్యర్థి సైనికులు వాటిని గుర్తుగా తెచ్చుకున్నారు. అటువంటి జెండాలలో కొన్ని దశాబ్దాల తరువాత ఆ కుటుంబాలకు తిరిగి అందాయి. మన పెట్టెలో ఉన్నదంతా మనదే కాకపోవచ్చు. మనదైనది మరెక్కడో ఉండవచ్చు.

కృపారామ్ పతకం మీద పేరు ఉంది, ఆ పేరును గుర్తుపట్టేవారు ఉన్నారు. అందుకే అది ఇంటికి చేరింది. పేరు అరిగిపోయి, గుర్తుపట్టే మనిషి కూడా లేకుండా పోతే ఏ చట్టమూ, ఏ దస్త్రమూ సాయపడలేదు. అరిగిన పేరును తిరిగి తేలేం. పెద్దల మాటను రాసిపెట్టుకునే అవకాశం మాత్రం ఇంకా చాలా ఇళ్లలో ఉంది.